ఊరి పేరు లేని రోమన్ నాణెం: శైలిని బట్టి టంకశాలను గుర్తించడం

క్రీ.శ. 194 నాటి రోమన్ చక్రవర్తి సెప్టిమియుస్ సెవెరుస్ దేనారీలు, అంటే వెండి నాణేలు (ఒక్కటైతే దేనారియుస్), రెండు పక్కపక్కన పెడితే మొదటి చూపుకు ఒకేలా ఉంటాయి. బొమ్మవైపు లారెల్ ఆకుల దండ కట్టిన గడ్డపు తల, బొరుసువైపు నిలబడ్డ దేవత, చుట్టూ లాటిన్ రాత. ఒకటి రోమ్ నగరంలో కొట్టింది, రెండోది సిరియాలో కొట్టింది. ఆ సంగతి నాణేల మీద ఎక్కడా ఉండదు. టంకశాలనూ అందులోని విభాగాన్నీ తెలిపే అక్షరాలు మూడో శతాబ్దం మధ్యకు గానీ మొదలు కావు. డయొక్లీషియన్ చక్రవర్తి 294 ప్రాంతంలో చేసిన సంస్కరణ తర్వాతే అవి అన్నిచోట్లా పద్ధతిగా వచ్చాయి. అంతకుముందు మినహాయింపులు తక్కువ. వెస్పాసియన్ చక్రవర్తి (69–79) కాలపు ఎఫెసు దేనారీల మీద ఊరి పేరు తొలి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిపి చెక్కి ఉంటాయి. మిగతా వాటి పుట్టుక తెలియాలంటే చెక్కినవాడి చేతిపని చూడాలి, బిళ్ళ తయారైన తీరు చూడాలి.

ఈ పద్ధతిలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఏ నాణేలు ఒకే పనివాళ్ల చేతిలో పుట్టాయన్నది మొదటిది. ఆ పనివాళ్లు ఏ ఊళ్లో కూర్చుని చెక్కారన్నది రెండోది. శైలి మొదటి ప్రశ్నకు బలమైన జవాబు ఇస్తుంది. రెండోదానికి ఒంటరిగా ఎప్పుడూ ఇవ్వదు, దానికి దొరికిన చోట్లు, లోహం, చరిత్ర సాక్ష్యం పలకాలి. కేటలాగులు ఈ రెండు జవాబులనూ కలిపి ఒక్క ఊరి పేరుగా అచ్చువేస్తాయి. అమ్మకపు జాబితాల్లోకి వచ్చేసరికి ఆ పేరు పక్కనున్న ప్రశ్నార్థకం కూడా రాలిపోతుంది. టంకశాలల గురించిన తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

చేతిపని ఎక్కడ మిగులుతుంది

రోమన్ నాణేన్ని రెండు అచ్చుల మధ్య బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టేవారు. కింది అచ్చు దిమ్మెలో బిగించి ఉంటుంది, చక్రవర్తి తల సాధారణంగా దాని మీదే ఉంటుంది. పై అచ్చును చేత్తో పట్టుకుని దాని నెత్తిన సుత్తి వేస్తారు. దెబ్బ నేరుగా తగిలేది పైదానికి కాబట్టి బొరుసు అచ్చులు త్వరగా పగిలేవి, బొమ్మ అచ్చులు ఎక్కువకాలం నిలిచేవి. ప్రతి అచ్చునూ విడిగా, చేత్తో, తలకిందులుగా చెక్కేవారు. అందువల్ల ఏ రెండు అచ్చులూ పూర్తిగా ఒకటి కావు. అయినా ఒకే టంకశాలలో పని నేర్చుకున్నవాళ్ల అచ్చుల మధ్య కుటుంబ పోలిక ఉంటుంది.

ఆ పోలికను ముఖంలో వెతకడం కొత్తవాళ్లు చేసే పని. ముక్కు, గడ్డం, నుదురు ఊరూరికీ పంపిన నమూనాను చూసి చెక్కినవి. వాటి విషయంలో చెక్కేవాడు జాగ్రత్తగా ఉంటాడు, నమూనాకు దగ్గరగా ఉంటాడు. మనసు పెట్టకుండా అలవాటుగా చెక్కేసే భాగాల్లోనే అతను దొరుకుతాడు. దండ ముడి నుంచి వేలాడే రెండు కొసలు ఎటు వంగాయి? చెవి లోపలి వంపు ఎలా ఉంది? మెడ కింద బస్టు, అంటే తలా భుజాల బొమ్మ, ఎక్కడ, ఏ ఆకారంలో తెగింది? భుజం మీది వస్త్రాన్ని ముందునుంచి చూపాడా, వెనకనుంచి చూపాడా? కిరణాల కిరీటమైతే కిరణాల మధ్య ఎడం ఎంత? పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీకి చెందిన జొవాన్ని మొరెల్లి చెవులనూ గోళ్లనూ పోల్చి చిత్రపటాల అసలు చిత్రకారులను పట్టుకున్నది ఈ తర్కంతోనే.

అక్షరాలు ఇంకా నమ్మదగినవి. ఎం అక్షరం కాళ్లు నిటారుగా దిగాయా, విచ్చుకున్నాయా. ఎ అక్షరానికి అడ్డగీత ఉందా. ఆర్ అక్షరం తోక పొడవెంత. గీతల కొసల్లో చిన్న చుక్కల్లాంటి గుంటలు ఉన్నాయా. తల చుట్టూ రాతను ఎక్కడ విరిచారో, ఏ పదాన్ని ఎన్ని అక్షరాలకు కుదించారో కూడా టంకశాల అలవాటే. ముఖం అరిగిపోయిన నాణెం మీద కూడా ఈ కుదింపు చాలాసార్లు చదవవచ్చు.

బిళ్ళ తయారీ మూడో సాక్షి. అలెగ్జాండ్రియా, సిరియా ప్రాంతాల్లో బిళ్ళలను మూసల్లో పోసేవారు. వాటి అంచు ఏటవాలుగా ఉండటం, పోతకాలువ తెగిన గుర్తు మిగలడం మామూలు. మందం, అంచు పగుళ్లు, బిళ్ళ గుండ్రదనం రాసిపెట్టుకోవలసినవే.

నాలుగోది అచ్చుల దిశ. దీన్ని రాసుకోనివాళ్లే ఎక్కువ, రాసుకోవడానికి పట్టేది క్షణం. తల నిటారుగా ఉండేలా నాణేన్ని పైనా కిందా రెండు వేళ్ల మధ్య పట్టుకుని పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా కనిపిస్తే, ఇప్పటి రూపాయి నాణెంలాగా, దాన్ని 12 గంటల దిశ అంటారు. తలకిందులుగా కనిపిస్తే 6 గంటల దిశ. ఫ్లేవియన్ చక్రవర్తుల (వెస్పాసియన్, అతని కొడుకులు టైటస్, డొమిషియన్) కాలం నుంచి రోమ్ టంకశాలలో 6 గంటల దిశ ప్రధానంగా ఉంటుంది. అలెగ్జాండ్రియాలో 12. సెవెరుస్ కాలానికి రోమ్‌లోనే రెండు దిశలూ కలుస్తాయి కాబట్టి ఒక్క నాణెం దిశతో తీర్పు చెప్పకూడదు. ఇరవై నాణేల గుంపు మొత్తం ఒకే వైపు మొగ్గితే అది గట్టి సాక్ష్యం.

పరిశీలన వరుస

ముందు తూకం. 0.01 గ్రాముల వరకు చూపే చిన్న త్రాసు చాలు. నీరో చక్రవర్తి 64లో ఒక రోమన్ పౌండు లోహానికి 84 దేనారీల బదులు 96 కొట్టించడం మొదలుపెట్టాక సగటు బరువు సుమారు 3.4 గ్రాములకు దిగింది. దీనికి చాలా దూరంగా ఉన్న నాణెం మీద శైలి గురించి మాట్లాడే ముందు రాగి మీద వెండి పూత పూసినదేమో చూడాలి. అంచు దగ్గర పొర లేచిన చోట, అరిగిన బుగ్గ మీద, ఎర్రగా కనిపిస్తే సంగతి తేలిపోతుంది. పూత నాణెం దొంగచాటు పనో, సరిహద్దు శిబిరాల పనో కావచ్చు. దాని శైలిని ఏ అధికారిక టంకశాలకూ అంటగట్టకూడదు.

తర్వాత వెలుగు. దీపాన్ని ఒక పక్కనుంచి, చాలా కిందుగా పెట్టి ఫోటో తీయాలి. తర్వాత నాణేన్ని కదపకుండా దీపాన్నే ఎదురుపక్కకు మార్చి మళ్లీ తీయాలి. ఒకే నాణెం ఎడమ వెలుగులో ముసలి ముఖంగా, కుడి వెలుగులో కుర్ర ముఖంగా కనబడుతుంది. ఒకే ఒక్క ఫోటో మీద ఆధారపడి "ఈ కన్ను తూర్పు దేశపు కన్ను" అని తేల్చేయడం ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు.

ఆపైన రాతను ఒక్కో అక్షరంగా దింపుకోవాలి, కనిపించని అక్షరాలకు చుక్కలు పెట్టాలి. కేటలాగులో ఉన్న రాతను చూసి ఖాళీలు పూరించకూడదు. అలా పూరించిన క్షణమే టంకశాల ముందే తేలిపోయినట్టు, ఇక పరిశీలన ఉత్తుత్తిదే. చిట్టచివర పోలిక. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా నడిపే సామ్రాజ్య నాణేల సూచికలో ఒక్కో రకానికి పలు మ్యూజియంల ఫోటోలున్నాయి. రాత, బొరుసు రకం ఒకటే అయిన నాణేలను తెరిచి, ఒక్కో టంకశాల కింద కనీసం ఆరేడు ఫోటోలు చూశాకే సొంత నాణెం వైపు తిరగాలి. ఒక టంకశాల పరిధి ఎంత విశాలంగా ఉంటుందో తెలియకుండా "ఇది దానిలా లేదు" అనడానికి వీల్లేదు.

మెడ కొసన గుండు

శైలితో టంకశాలను గుర్తించడం మొదలుపెట్టేవాళ్లకు నీరో రాగి, ఇత్తడి నాణేలు మంచి బడి. 64 తర్వాతి అస్, దుపొందియుస్, సెస్టెర్టియుస్ అనే తక్కువ విలువ నాణేల్లో రెండు గుంపులున్నాయి. రకాలు రెండింటిలోనూ చాలావరకు ఒకటే: ఎగిరే విజయదేవత, మూసిన జానుస్ దేవుడి గుడి, శాంతి బలిపీఠం. ఒక గుంపులో మాత్రం మెడ కింద బస్టు కొసన చిన్న గుండు, అంటే గోళం, అతికించినట్టు ఉంటుంది. రోమ్ పనిలో మామూలుగా అది ఉండదు. గుండు ఉన్న నాణేలు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), జర్మనీ సరిహద్దు, బ్రిటన్ తవ్వకాల్లో విరివిగా దొరుకుతాయి, ఇటలీలో అరుదు. అందుకే ఆ గుంపును లుగ్దునుంకు, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌కు, ఇచ్చారు. వెస్పాసియన్ కాలంలో అక్కడ మళ్లీ రాగి నాణేలు కొట్టినప్పుడు కూడా ఈ గుండు తిరిగి వచ్చింది.

లుగ్దునుం పేరు గాలిలోంచి రాలేదు. అక్కడ రోమన్ పాలకులు బంగారు, వెండి నాణేలు కొట్టిస్తారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. టంకశాలకు కాపలాగా ఉన్న లుగ్దునుం దళానికి చెందిన సైనికుడి సమాధి రాయి కూడా దొరికింది. శైలి గుంపు, దొరికిన చోట్లు, గ్రంథ సాక్ష్యం, శాసనం నాలుగూ ఒకే ఊరి వైపు చూపించాయి. ఇంత గట్టి కేసు ఈ రంగంలో అరుదు.

ఇక్కడ పనిచేసిన సూత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. రాగి నాణెం తక్కువ విలువది, దూరం వెళ్లదు. సంతలో చేతులు మారి, పుట్టిన ప్రాంతంలోనే అరిగిపోతుంది. కాబట్టి రాగి దొరికిన చోటు టంకశాల గురించి చాలా చెబుతుంది. వెండి, బంగారం సైనికుల జీతాలతో, వర్తకంతో ఖండాలు దాటుతాయి. బల్గేరియాలోని రెకా దెవ్‌నియాలో 1929లో బయటపడిన నిధిలో జాబితాకెక్కినవే సుమారు 81,000 దేనారీలు. వాటిలో రోమ్‌వీ, తూర్పువీ కలిసే ఉన్నాయి. ఒక టంకశాల ఎంత పెద్దదో ఆ లెక్క చెప్పగలదు, ఆ టంకశాల ఏ ఊళ్లో ఉందో చెప్పలేదు.

గుంపు నిలిచింది, ఊరు మారింది

టైటస్, డొమిషియన్ల పేర 80 నుంచి 82 మధ్య కొట్టిన ఇత్తడి నాణేల్లో ఒక గుంపు రోమ్ పనికి స్పష్టంగా వేరుగా ఉంటుంది. తలలు పెద్దవి, చెక్కుడు మోటుగా, చదరంగా ఉంటుంది. పాత కేటలాగులు దీన్ని లుగ్దునుం కింద వేశాయి. తర్వాత బిథీనియా (నేటి టర్కీ వాయవ్య ప్రాంతం) అన్నారు. బాల్కన్ ప్రాంతంలో ఇవి ఎక్కువగా దొరకడాన్ని లెక్కలోకి తీసుకుని ఇప్పుడు అక్కడి ట్రేస్ ప్రాంతం అంటున్నారు, అదీ ప్రశ్నార్థకంతోనే. ఈ మార్పులన్నిటిలోనూ గుంపు చెదరలేదు. శైలి చూసి "ఇవన్నీ ఒకచోటివి" అన్నవాళ్లు మొదటినుంచీ సరిగ్గానే ఉన్నారు. ఊరి పేరే మూడు చోట్లకు తిరిగింది.

వెస్పాసియన్ 76 నాటి తూర్పు దేనారీల్లో మెడ కింద చిన్న సున్న ఉండే గుంపు కూడా ఇలాంటిదే. గుర్తు ఉంది కాబట్టి గుంపు విషయంలో సందేహమే లేదు. ఆ సున్న ఏ ఊరిదో చెప్పే ఆధారం లేక ఎఫెసు అని ప్రశ్నార్థకంతో రాస్తారు.

సెవెరుస్ తూర్పు దేనారీలు

అత్యంత లోతైన, అత్యంత తగాదా ఉన్న కేసు ఇది. 193లో పెస్కెన్నియుస్ నైజర్ సిరియాలో చక్రవర్తిగా ప్రకటించుకుని అక్కడ దేనారీలు కొట్టించాడు. 194లో ఇస్సుస్ దగ్గర సెవెరుస్ సేనల చేతిలో ఓడిపోయాడు. నైజర్ పక్షాన నిలిచిన అంతియోక్ నగరం, తెలుగు బైబిల్లోని అంతియొకయ, సెవెరుస్ ఆగ్రహానికి గురై హోదా పోగొట్టుకుంది. ఆ హోదా సముద్రతీరంలోని లవొదికయకు దక్కింది. ఇది ఇప్పటి లటాకియా. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల లవొదికయ వేరే ఊరు.

సెవెరుస్ పేర సిరియాలో వచ్చిన మొదటి దేనారీలను రాత ఇట్టే పట్టిస్తుంది. చక్రవర్తి తల చుట్టూ ఉన్న బిరుదుల చివర "రెండోసారి కాన్సుల్" (కాన్సుల్ అంటే రోమ్‌లో అత్యున్నత వార్షిక పదవి) అని, సి, ఓ, ఎస్ అక్షరాల తర్వాత రెండు నిలువు గీతలతో చెక్కారు. రోమ్‌లో ఆ సమాచారం బొమ్మవైపు పెట్టే అలవాటు లేదు. ఉచ్చు ఎక్కడుందంటే, రోమ్ మొదటి నాణేల్లోనూ బిరుదుల ముందు భాగం అచ్చం ఇలాగే ఉంటుంది. నాణెం కుడి అంచు తెగిపోయి కాన్సుల్ పదం ఉందో లేదో తెలియకపోతే రాత ఒక్కటే చాలదు.

అప్పుడు బొరుసు చూడాలి. నైజర్ నాణేల మీద "శుభపరిణామానికి", "మంచి ఆశకు", "తిరిగి రప్పించే ఫార్చూనాకు", "అజేయ చక్రవర్తి విజయచిహ్నాలు" అన్న అర్థాల రాతలుంటాయి. ఇవే మాటలు, ఇవే విభక్తులతో, ఇవే బొమ్మలతో సెవెరుస్ తూర్పు దేనారీల మీద కొనసాగాయి. ఓడిన చక్రవర్తి కింద పనిచేసిన వాళ్ల అలవాట్లు గెలిచినవాడి నాణేల్లోకి నడిచి వచ్చాయన్నమాట. దీనికి తోడు అక్షరాల తడబాటు, గట్టిగా చెక్కిన గడ్డపు పాయలు, బిగుసుకున్న దేవతా రూపాలు కలిస్తే సిరియా పని అని ధైర్యంగా చెప్పవచ్చు.

సిరియాలో ఎక్కడ? ఈ గుంపుకు ఎమెసా, అంటే నేటి హోమ్స్, అన్న పేరు స్థిరపడింది. రాణి యూలియా దొమ్నా పుట్టిల్లు అది. అంతియోక్ శిక్షలో ఉంది కాబట్టి రాణి ఊరికి టంకశాల ఇచ్చి ఉంటారన్నది ఊహ. ఊహ అందంగా ఉంది, అసంభవమూ కాదు. కానీ నాణేల్లో దానికి ఆధారం లేదు. సైన్యం వెంట కదిలిన పనివాళ్లూ కావచ్చు, నైజర్ టంకశాలే యజమాని మారి నడిచిందీ కావచ్చు. జాగ్రత్తపరులు "ఎమెసా"కు ప్రశ్నార్థకం తగిలించే రాస్తారు, అదే సరైన పని.

ఎమెసా అనే గుంపు త్వరలోనే ఆగిపోతుంది. లవొదికయకు ఇచ్చిన గుంపు 202 వరకు సాగుతుంది. అక్కడ కష్టం పెరుగుతుంది. దాని చివరి దశలో బిరుదులు రోమ్ బిరుదులే, బొరుసు రకాలు చాలావరకు రోమ్‌వే, చెక్కుడు కూడా రోమ్ స్థాయికి చేరింది. "మోటుగా ఉంటే తూర్పు, నాజూకుగా ఉంటే రోమ్" అన్న సూత్రం ఇక్కడ పూర్తిగా కూలిపోతుంది. రోమ్‌లో లేని బొరుసు రకం దొరికితే తేలిక. లేకపోతే అచ్చు పోలిక ఒక్కటే దారి.

అచ్చు పోలిక ఇలా చేస్తారు. రెండు ఫోటోలను ఒకే పరిమాణానికి తెచ్చి, తలకూ అక్షరాలకూ మధ్య సంబంధాలను చూస్తారు: దండ పైకొస ఏ అక్షరానికి తగిలింది, ముక్కు కొస నుంచి అడ్డంగా గీస్తే ఏ రెండు అక్షరాల మధ్యకు పోతుంది, బస్టు కొసకూ చివరి అక్షరానికీ ఎడం ఎంత. ఇలా పరస్పరం సంబంధం లేని మూడు నాలుగు కొలతలు కలిస్తే అది ఒకే అచ్చు. చేతిచెక్కుడులో అంత యాదృచ్ఛికం జరగదు. అచ్చు మీది పగులు నాణెం మీద ఉబ్బుగీతగా పడుతుంది. అది ఏ నాణెంలో చిన్నదో ఆ నాణెం ముందుది. ఒక బొమ్మ అచ్చుకు మూడు బొరుసు అచ్చులు, వాటిలో ఒకటి ఇంకో బొమ్మ అచ్చుతో, ఇలా గొలుసు పెరుగుతుంది. ఆ గొలుసులోని ఒక్క నాణెం పుట్టుక తేలినా మొత్తం గొలుసు తేలుతుంది. శైలి పట్ల మనకున్న అభిప్రాయాన్ని పరీక్షకు నిలబెట్టే సాధనం ఇదొక్కటే, అందుకే దీనికి పట్టే రోజుల కొద్దీ శ్రమ వృథా కాదు.

మూడు కుదింపులు, మూడు టంకశాలలు

మూడో శతాబ్దం మధ్యలో ట్రెబోనియానుస్ గాల్లుస్ (251–253) కిరణకిరీటపు నాణేలు చేతికొస్తే పని సులువు. రాతలో సీజర్ బిరుదును సి, ఎ, ఇ అని మూడక్షరాలతో కుదిస్తే రోమ్. ఒక్క సి అక్షరానికే కుదించి, వెంటనే పేరులోని ఇంకో సి వస్తే, చివర ఆగస్టుస్ కుదింపు తప్ప మరేమీ లేకపోతే, అది మిలాన్‌కు ఇచ్చే గుంపు. అవే రెండు సి అక్షరాలుండి, చివర ఆగస్టుస్‌కు ముందు పి, ఎఫ్ అక్షరాలు కూడా ఉంటే అంతియోక్. అంతియోక్ నాణేల్లో బస్టు కింద చుక్కలో రోమన్ అంకెలో విభాగం సంఖ్యను కూడా చెబుతాయి. కొడుకు వొలుసియానుస్ నాణేల్లోనూ రాతలు ఇలాగే విడిపోతాయి. అంతియోక్‌లో అతని కుటుంబ పేర్లన్నీ వరసగా కుదించి చెక్కారు, రోమ్‌లో అలా చేయలేదు.

ఈ మూడింటిలో రోమ్, అంతియోక్ గట్టివి. మిలాన్ మాత్రం మళ్లీ గుంపు గట్టిది, ఊరు అనుమానమే. అది రోమ్ టంకశాల శాఖే కావచ్చన్న వాదనా ఉంది.

మిలాన్ నిస్సందేహంగా పలికే సందర్భం 268లో వస్తుంది. గాల్లియెనుస్ చక్రవర్తి అశ్వదళాన్ని నడిపిన ఔరెయొలుస్ మిలాన్‌లో తిరగబడి, గాల్‌ను ఏలుతున్న పోస్టుముస్ పేర నాణేలు కొట్టించాడు. వాటి మీది తల పోస్టుముస్‌ది, చెక్కిన తీరు మాత్రం అతని సొంత టంకశాలది కాదు. అప్పటిదాకా మిలాన్‌లో గాల్లియెనుస్ తల చెక్కినవాళ్ల పని అది. బొరుసున అశ్వికుల ఐక్యత, విశ్వాసం, పరాక్రమం అన్న అర్థాల రాతలు. శైలి తెలియకపోతే ఈ నాణేలు పోస్టుముస్ మామూలు నాణేల గుట్టలో కలిసిపోయేవి, మిలాన్ తిరుగుబాటుకు ఉన్న అరుదైన సాక్ష్యం కనబడకుండా పోయేది.

సిరియా బొమ్మ, రోమ్ చెయ్యి

రకం ఒక ఊరిది, చెయ్యి ఇంకో ఊరిది కావచ్చు. ఫిలిప్ చక్రవర్తి (244–249) పేర అంతియోక్ వాడకం కోసం కొట్టిన నాలుగు ద్రహ్మాల నాణేల్లో అంతా సిరియా సంప్రదాయమే: రెక్కలు విప్పిన గద్ద, గ్రీకు రాత. కొన్నిటి తలలు మాత్రం రోమ్ టంకశాల తలల్లా ఉంటాయి. శైలి చూసి ఇవి రోమ్‌లో చెక్కినవి అంటే ఎవరైనా కొట్టిపారేయవచ్చు. అయితే వాటిలో కొన్నిటి మీద లాటిన్‌లో "నగర టంకశాల" అన్న మాటల కుదింపు ఉంది. నగరం అంటే రోమ్. నాణెమే నోరు విప్పి శైలికి సాక్ష్యం చెప్పిన అరుదైన చోటు ఇది.

ట్రాజన్ చివరి ఏళ్లలో సిరియా కోసం కొట్టిన ఇత్తడి నాణేలు కూడా ఇలాంటివే. అంతియోక్ స్థానిక నాణేలు సీసం కలిసిన కంచు, ఇవి రోమ్ వాడే పసుపు ఇత్తడి. చెక్కుడు రోమ్‌ది, దొరికేది సిరియాలో. రాగి, ఇత్తడి నాణెం దొరికిన చోటు టంకశాలను చూపుతుందన్న పై సూత్రానికి ఇవి హద్దు గీస్తాయి. నాణేలను పెట్టెల్లో నింపి ఓడల్లో పంపితే దొరికిన చోటు వాడకాన్ని మాత్రమే చెబుతుంది.

లోహ పరీక్షలోనూ ఒక గొయ్యి ఉంది. చేతిలో పట్టే ఎక్స్‌రే పరికరం పైపొరనే చదువుతుంది. వెండి-రాగి మిశ్రమం బిళ్ళను తయారీలో వేడి చేసి ఆమ్లంలో ముంచినప్పుడు పైన రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది. భూమిలో ఉన్న శతాబ్దాలు దాన్ని ఇంకా పెంచుతాయి. పైపొర 90 శాతం వెండి చూపినా లోపల సగమే ఉండవచ్చు. అంచు నుంచి సన్నగా తొలిచి లోపలి లోహాన్ని పరీక్షించిన ఫలితాలనే టంకశాలల మధ్య పోల్చాలి.

రసాయనాలతో అతిగా శుభ్రం చేసిన నాణేల్లో అక్షరాల కొసలు మెత్తబడి "వేరే శైలి"లా కనబడతాయి. పెద్ద ఇత్తడి నాణేల మీద ఈ కాలపువాళ్లు ఉలితో జుట్టు, వస్త్రం తిరిగి చెక్కి అమ్ముతారు. అలాంటి నాణెంలో కనిపించే చెయ్యి రోమన్‌ది కాదు. జుట్టు గీతలు స్పష్టంగా ఉండి, వాటి పక్కనే అక్షరాలు అరిగి ఉంటే అనుమానించాలి. సహజంగా అరిగితే ఎత్తుగా ఉండే జుట్టే అక్షరాలకన్నా ముందు అరుగుతుంది.

తెలంగాణ, ఆంధ్ర నేలలో దొరికిన దేనారీలు

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దేనారీలు దొరికాయి. దక్షిణ భారతంలోని ఇలాంటి నిధుల్లో రెండు రకాలే గుట్టలుగా ఉంటాయి. ఒకటి అగస్టస్ మనవలు గాయుస్, లూసియుస్ మధ్యలో డాళ్లు పెట్టుకుని నిలబడినది. రెండోది టైబీరియస్ తలతో, వెనక కొమ్మ పట్టుకుని కుర్చీలో కూర్చున్న స్త్రీతో ఉన్నది. సువార్తల్లోని పన్ను నాణెంగా సేకర్తలు పిలిచేది ఈ రెండోదాన్నే. రెండూ లుగ్దునుం పని. లియోన్‌లో కొట్టిన వెండి కృష్ణా పరీవాహకానికి చేరింది. 64కు ముందున్న ఈ నాణేల వెండి స్వచ్ఛమైనది కావడం వల్లే వర్తకులు వీటిని ఏరుకుని తెచ్చారన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ.

టైబీరియస్ నాణెం రాత రెండు దశాబ్దాల పైచిలుకు మారలేదు. అందువల్ల దశలను వేరు చేయడానికి శైలి తప్ప మరో ఆధారం లేదు. కుర్చీ కాళ్లు సాదాగా ఉన్నాయా, నగిషీ చెక్కి ఉన్నాయా. అడుగుగీత ఒకటా, రెండా. తల చిన్నదా, మెడ పొడవా అన్నవాటితో వరస కడతారు. పాత నివేదికల్లో చాలాచోట్ల "టైబీరియస్, ఇన్ని నాణేలు" అని మాత్రమే ఉంటుంది. కుర్చీ కాళ్ల సంగతి లేకపోతే ఆ నిధిని ఎప్పుడు పాతిపెట్టారో ఇంకా సూక్ష్మంగా తేల్చే అవకాశం పోయినట్టే. మ్యూజియం పెట్టెల్లోని నాణేలకు ఇప్పుడైనా తూకం, అచ్చుల దిశ, రెండు వెలుగుల్లో ఫోటోలు, కుర్చీ కాళ్ల వివరం నమోదు చేయడం ఒక చిన్న బృందంతో అయ్యే పని.

ఆ నమోదులో రోమన్ నాణేలకు ఇక్కడే చేసిన నకళ్లు కూడా విడిగా తేలతాయి. భారతదేశంలో తయారైన బంగారు నకళ్లలో అక్షరాలు చదవడానికి వీల్లేని గీతల వరసగా మారిపోతాయి. తలకు పైన పక్కపక్కనే రెండు రంధ్రాలు ఉండటం వీటిలో తరచు కనిపిస్తుంది, దండలో గుచ్చుకోవడానికి. అసలు రోమన్ బంగారు నాణేలకు కూడా రంధ్రాలు వేశారు కాబట్టి రంధ్రం చూసి నకలు అనకూడదు. ముందు అక్షరాలు చూడాలి, తర్వాత చెవి, ఆ తర్వాత దండ ముడి. లాటిన్ రాని చెయ్యి అక్షరాన్ని బొమ్మగా చూసి చెక్కుతుంది. గీతల మధ్య ఎడం సమానంగా ఉంటుంది, పదానికీ పదానికీ తేడా ఉండదు, ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది. సరిహద్దు ప్రాంతాల పూత నాణేల్లో ఈ లక్షణం సాధారణంగా అక్కడక్కడ అక్షరదోషంగానే ఉంటుంది, రాత మొత్తాన్నీ కమ్మేయదు. ఈ తేడా పట్టుకుంటే రెండింటినీ వేరు చేయడానికి చాలాసార్లు భూతద్దం సరిపోతుంది.